బెంగళూరు బహిరంగ కళ: ప్రణాళికలో ప్రజల పాత్ర

బహిరంగ కళ కోసం టికెట్టు కొని గ్యాలరీకి వెళ్లనక్కర్లేదు. ఫ్లైఓవర్ స్తంభం మీది రంగులు, మెట్రో స్టేషన్ గోడ మీది చిత్రం, చౌరస్తాలోని విగ్రహం, ఏడాదికోసారి వీధుల్లో సాగే ఉత్సవం, అన్నీ దారిన పోతుంటేనే ఎదురవుతాయి. చూడాలా వద్దా అని ఎంచుకునే వీలు దారిన పోయేవారికి లేదు. అందుకే ఆ బొమ్మ ఏమిటి, ఎక్కడ పెట్టాలి, ఖర్చు ఎవరిది, పాతబడితే ఎవరు చూసుకోవాలి అనే నిర్ణయాల్లో వారికీ మాట ఉండాలన్న వాదం బలపడింది. ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఇది ఇప్పుడు నగర ప్రణాళికలో ఒక భాగం.

బెంగళూరులో కుంచె పట్టుకోవడానికి జనాన్ని పిలవడం 2009 తర్వాత బాగా పెరిగింది. విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు, అపార్ట్‌మెంట్ సంఘాలు, ట్రాన్స్‌జెండర్ మహిళలు, పారిశుద్ధ్య కార్మికులు ఎందరో గోడలకు రంగులు వేశారు. ఏ గోడ, ఏ బొమ్మ అని తేల్చే సమావేశానికి మాత్రం వారిని పిలిచిన సందర్భాలు తక్కువ. నగరంలో జరిగిన మంచి ప్రయత్నాలను, తగాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు అక్కడే ఉందని తెలుస్తుంది.

పూర్వరంగం

ఈ ప్రాంతంలో ఊరంతా కలిసి నిలబెట్టుకున్న బహిరంగ కళకు పాత ఆనవాళ్లు వీరగల్లులు. ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి చనిపోయినవాడి బొమ్మను రాతి మీద చెక్కించి, అందరూ తిరిగే చోట నిలిపేవారు. హెబ్బాళలో దొరికిన కిత్తయ్య శాసనం సుమారు క్రీ.శ. 750 నాటిది. నగరంలో ఇప్పటిదాకా తెలిసిన కన్నడ శాసనాల్లో అతి పాతది అదేనని పరిశోధకులు చెబుతున్నారు. స్థానికులు, శాసనాభిమానులు చొరవ తీసుకుని ఈ మధ్య దానికి మండపం కట్టించారు. బేగూరు నాగేశ్వరాలయంలోని వీరగల్లు మీద ‘బెంగళూరు’ అన్న పేరే కనిపిస్తుంది. ఇలాంటి రాళ్లు ఎన్నో కాలువ పక్కన, ఇళ్ల పునాదుల్లో పడి ఉంటే, వాటిని గుర్తించి, కొలిచి, కాపాడే పనిని చాలావరకు మామూలు పౌరులే మొదలుపెట్టారు. కొత్త కుడ్యచిత్రానికి వచ్చినంత పేరు ఈ పనికి రాలేదు. రావలసింది.

కరగ ఉత్సవం ఇంకో రకం. చైత్ర పౌర్ణమి రాత్రి పాతపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి ద్రౌపది రూపంగా భావించే కరగం బయలుదేరుతుంది. పూలతో అలంకరించిన ఆ కరగాన్ని తిగళ కులానికి చెందిన పూజారి తలపై మోస్తే, కత్తులు పట్టిన వీరకుమారులు చుట్టూ నడుస్తారు. ఊరేగింపు కాటన్‌పేటలోని మస్తాన్ సాబ్ దర్గా దగ్గర ఆగడం ఆనవాయితీ. ఏ వీధిలోంచి వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు ఏ సేవ చేయాలి అన్నది ఆ పేటలవారు తరతరాలుగా తమలో తాము తేల్చుకున్న విషయం. దారి మొత్తం ముందే ఖాయమై, ప్రతి మలుపుకూ ఒక బాధ్యుడున్న ఈ ఏర్పాటును ప్రణాళిక అనే అనాలి.

వలస పాలనలో విగ్రహాలు వచ్చాయి. కబ్బన్ పార్కు అంచున ఉన్న విక్టోరియా రాణి పాలరాతి విగ్రహాన్ని 1906 ఫిబ్రవరి 5న, తర్వాత ఐదవ జార్జి చక్రవర్తి అయిన అప్పటి వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. శిల్పి థామస్ బ్రాక్. కంటోన్మెంటు వాసులు చందాలిచ్చారు, మైసూరు మహారాజు చేయి కలిపాడు. డబ్బు ఇచ్చినవారికే మాట ఉండేది. అక్కడికి కొద్ది దూరంలోని పేటవాసులను ఎవరూ అడగలేదు.

చట్టంలో ఏముంది

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. సంస్కృతి, విద్య, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం వాటిలో ఒకటి. అదే సవరణలోని 243ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. ఈ రెంటినీ కలిపి చదివితే, వీధిలో వేసే బొమ్మ గురించి వార్డు కమిటీలో మాట్లాడడానికి చట్టంలో చోటు ఉన్నట్టే. కర్ణాటక వార్డు కమిటీల నియమాలను 2016లో తెచ్చింది. సభ్యుల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నివాసుల సంఘాలకు స్థానం కల్పించింది. కమిటీల పని ఎక్కువగా చెత్త, గుంతలు, వీధిదీపాల చుట్టూనే తిరిగింది. కళ చర్చకు రావడం అరుదు.

బెంగళూరుకు ఒకప్పుడు సొంత నగర కళా సంఘం ఉండేది. 1976లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన బెంగళూరు అర్బన్ ఆర్ట్ కమిషన్ పాత కట్టడాల గురించి, నగర రూపం గురించి సలహాలిచ్చేది. ఇప్పుడు హైకోర్టు ఉన్న ఎర్ర కట్టడం అఠారా కచేరీని కూల్చాలన్న ప్రతిపాదన 1980 దశకంలో వచ్చినప్పుడు పౌరులు కోర్టుకెక్కి దాన్ని నిలబెట్టుకున్న ఘట్టం ఆ కాలానిదే. ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్‌కు పార్లమెంటు చేసిన 1973 నాటి చట్టం అండగా ఉంది. బెంగళూరు సంఘానికి అలాంటి అండ లేదు. 2000 దశకం తొలినాళ్లలో అది రద్దయింది. దాని స్థానంలో మరొకటి రాలేదు. బహిరంగ కళ కోసం ఒక విధానం గానీ, నిధి గానీ, ప్రజల అభిప్రాయం తీసుకోవాలన్న నియమం గానీ లేకుండానే నగరం తన చరిత్రలో అతి వేగంగా పెరిగిన కాలాన్ని దాటింది. మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరం చెప్పే హక్కును 1961 నాటి పట్టణ ప్రణాళికా చట్టం ఇస్తుంది. వంద అడుగుల విగ్రహం మీద అభ్యంతరం చెప్పడానికి అలాంటి ద్వారం లేదు.

2009: కార్పొరేషన్ గోడలు

2007లో చుట్టుపక్కల పురపాలికలను, 110 గ్రామాలను కలుపుకుని ఏర్పడిన బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) 2009లో ప్రధాన రోడ్ల పక్క గోడలకు బొమ్మలు వేయించే కార్యక్రమం పెట్టుకుంది. పోస్టర్లను, గోడల దగ్గర మూత్ర విసర్జనను ఆపడం ఉద్దేశం. ఫ్లెక్సీ ప్రింటింగు వచ్చి పనులు పోగొట్టుకున్న సైన్‌బోర్డు, సినిమా బ్యానరు ఆర్టిస్టులకు ఈ పని అప్పగించారు. హంపి రాతిరథం, జోగ్ జలపాతం, యక్షగాన వేషం, అడవి జంతువులు మైళ్ల కొద్దీ పరుచుకున్నాయి.

ఆర్ట్ స్కూళ్లలో చదివినవారు ఈ బొమ్మలను మెచ్చలేదు. క్యాలెండరు బొమ్మల్లా ఉన్నాయన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉన్నా, ఒక్క కార్పొరేషన్ ఉత్తర్వు చేతి పని నమ్ముకున్న అంతమంది చిత్రకారులకు కూలి ఇచ్చిన సంగతిని అది పట్టించుకోలేదు. బ్రష్షుతో అక్షరం దిద్దడంలో వారికున్న నేర్పు నగర సంపద. లోపం వేరే చోట ఉంది. బొమ్మల పట్టికను పైనుంచి ఇచ్చారు. ఆ గోడ వెనక బడి ఉందా, శ్మశానం ఉందా, ఆసుపత్రి ఉందా అన్న తేడా లేకుండా ఎక్కడ చూసినా అవే దృశ్యాలు. చిత్రకారుణ్ణీ అడగలేదు, వీధినీ అడగలేదు. తర్వాతి ఏళ్లలో రోడ్ల వెడల్పుకు, మెట్రో పనులకు ఆ గోడల్లో చాలా భాగం పోయినప్పుడు వాటి కోసం గట్టిగా మాట్లాడిన గొంతు వినపడలేదు.

చెత్తకుప్ప దగ్గర మొదలైన కళ

2010లో చర్చ్ స్ట్రీట్ ప్రాంతంలో ‘ది అగ్లీ ఇండియన్’ పేరుతో కొందరు పని మొదలుపెట్టారు. వారు పేర్లు చెప్పుకోరు. ‘కామ్ చాలూ, మూహ్ బంద్’ అన్నది వారి నినాదం. పని నడవాలి, నోరు మూసుకోవాలి అని అర్థం. వారు తమను కళాకారులుగా చెప్పుకోలేదు. అయినా బెంగళూరు బహిరంగ కళ మీద వారి పద్ధతి ప్రభావం చాలా ఉంది.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. జనం చెత్త వేసే ఒక మూలను ఎంచుకుంటారు. వెంటనే రంగు డబ్బా తెరవరు. ఎవరు, ఏ వేళ, ఎందుకు అక్కడ చెత్త వేస్తున్నారో కొన్నాళ్లు గమనిస్తారు. ఎదురుగా ఉన్న కొట్టువాడితో, ఆటోవాళ్లతో, రోజూ ఊడ్చే పౌరకార్మికులతో మాట్లాడతారు. తర్వాత ఒక పూటలో చెత్త తీసి, ఫుట్‌పాత్ సరిచేసి, గోడకు రంగు వేస్తారు. గోడ కింది భాగానికి ముదురు కావి రంగు వేస్తారు, పాన్ ఉమ్మి మరక దాని మీద కనిపించదు. పైభాగం లేత రంగు. ఒక పూలకుండీ, కూర్చోవడానికి బల్ల, చీకటి మూల అయితే ఒక దీపం. ఇందులో ప్రతిదీ ఆ మూలలో నిలబడి చూసినవాడికే తోచే నిర్ణయం. దేవుడి బొమ్మల టైల్సు అతికించి జనాన్ని భయపెట్టే అలవాటు కంటే ఇది ఎంతో మర్యాదైన మార్గం. మనిషిని దొంగగా చూడదు.

తర్వాత వారు ఫ్లైఓవర్ల స్తంభాలకు మళ్లారు. త్రిభుజాలు, చతురస్రాలతో నిండిన రేఖాగణిత నమూనాలు ఎంచుకున్నారు. టేపు అతికించి గళ్లు గీస్తే, బొమ్మ వేయడం రానివాళ్లు కూడా ఆదివారం ఉదయం వచ్చి రంగు నింపగలరు. పాల్గొనడం సులువైంది, వందలమంది వచ్చారు. ఆ సౌలభ్యానికి మూల్యం కూడా ఉంది. హెబ్బాళలోనూ జయనగరలోనూ ఒకే రకం త్రిభుజాలు ఉంటే, ఆ చోటుకే చెందిన కథ ఏదీ స్తంభం మీదికి రాదు. ఆదివారం ఉదయం తీరిక ఉన్నవారి భాగస్వామ్యం వేరు, అదే ఫ్లైఓవర్ కింద బండి పెట్టుకుని రోజూ బతికేవారి భాగస్వామ్యం వేరు.

పౌరకార్మికుల గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బెంగళూరు వీధులు ఊడ్చే ఈ కార్మికుల్లో ఎక్కువమంది మహిళలే; చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవారు. వారి పెద్దలు రాయలసీమ నుంచి, సరిహద్దు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డారు. ప్రతి గోడ దగ్గర తెల్లవారుజామున ఏం జరుగుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గోడను ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసింది వారినే.

మెట్రో: స్టేషనే స్టూడియో

నమ్మ మెట్రో తొలి రైలు 2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్లి, ఎం.జి. రోడ్ల మధ్య నడిచింది. దాని నిర్మాణం నగరానికి నొప్పి లేకుండా సాగలేదు. ఎం.జి. రోడ్డు పక్కన కాగితపు పూల తీగల నీడలో ఉండే బులెవార్డ్ పోయింది. 2009లో లాల్‌బాగ్ గోడ కూల్చినప్పుడు ‘హసిరు ఉసిరు’ బృందం, చెట్ల ప్రేమికులు రోడ్డెక్కారు. బులెవార్డ్ స్థానంలో, మెట్రో వంతెన కింద, 2013 మే నెలలో ‘రంగోలి’ మెట్రో కళాకేంద్రం తెరిచారు. ఛాయ, విస్మయ, బెళకు అనే ప్రదర్శనశాలలు, రంగస్థల అనే చిన్న నాటకశాల, పిల్లలకు ఆటస్థలం అందులో భాగం. కళాకారిణి సురేఖ క్యూరేటరుగా పనిచేశారు. పెద్ద గ్యాలరీ గుమ్మం తొక్కడానికి జంకేవాళ్లు కూడా రైలు దిగి నేరుగా నడిచి వచ్చేయగల చోటు అది. పోయిన చెట్లకు అది బదులు కాలేదు. అయినా నిర్మాణ సంస్థ ఒకటి తాను తీసుకున్న బహిరంగ స్థలాన్ని కొంతైనా తిరిగి ఇవ్వాలని ఒప్పుకోవడం నగరంలో కొత్త విషయం.

యలహంకలోని సృష్టి కళా విద్యాలయం మెట్రో సంస్థతో కలిసి 2014 ప్రాంతంలో ‘ఆర్ట్ ఇన్ ట్రాన్సిట్’ చేపట్టింది. ఆర్జూ మిస్త్రీ, అమితాభ్ కుమార్ వంటి అధ్యాపకుల మార్గదర్శకత్వంలో విద్యార్థులు మొదట పీణ్య స్టేషన్‌లో పనిచేశారు. పీణ్య పెద్ద పారిశ్రామిక వాడ. లేతు మిషన్ల షెడ్లు, గార్మెంటు ఫ్యాక్టరీలు, షిఫ్టు మారే వేళల్లో పోటెత్తే జనం. స్టేషన్ కొత్తగా తెరుచుకుంది, రైలు ఎక్కేవాళ్లు ఇంకా అలవాటు పడుతున్నారు. విద్యార్థులు స్టేషన్‌నే తరగతి గదిగా చేసుకుని, ప్రయాణికులతో, కాపలా సిబ్బందితో, చుట్టుపక్కలవారితో మాట్లాడి, ఆ మాటల్లోంచి బొమ్మలు తీశారు. తర్వాత పని కబ్బన్ పార్కు భూగర్భ స్టేషన్‌కు మారింది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇక్కడ వీధికళా ఉత్సవం చేసినప్పుడు బయటి చిత్రకారులూ దీనికి తోడయ్యారు.

ఈ ప్రయత్నంలో మెచ్చుకోదగ్గది సమయం. ఉత్సవం వారం పది రోజుల్లో ముగిసిపోతుంది. ఒక విద్యాసంస్థ ఏళ్ల తరబడి అదే స్టేషన్‌కు వస్తూ ఉంటే ప్రయాణికులకూ గీసేవారికీ పరిచయం పెరుగుతుంది, నిన్న గీసిన దాని మీద ఇవాళ మాట వినవలసి వస్తుంది. దీనికి హద్దులూ ఉన్నాయి. స్టేషన్ లోపల ఏది వేయాలన్నా మెట్రో సంస్థ అనుమతి కావాలి. భద్రత, అగ్నిమాపక నిబంధనలు సరే, ప్రభుత్వాన్ని ప్రశ్నించే బొమ్మకు అక్కడ చోటు దొరకడం కష్టం. ప్రయాణికుల మాట వింటారు, చివరి సంతకం మాత్రం కార్యాలయానిదే.

అరవాణి: గోడ మీద ఉనికి

భాగస్వామ్యం అన్న మాటకు నగరంలో అందరికంటే బలంగా అర్థం చెప్పినది అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్. చిత్రకారిణి పూర్ణిమా సుకుమార్ 2016లో దీన్ని ప్రారంభించారు. ట్రాన్స్‌జెండర్ మహిళలు, ఇతర మహిళలు కలిసి పెద్ద గోడలకు చిత్రాలు వేస్తారు. మహాభారతంలోని ఇరావంతుడిని తమిళులు అరవాన్ అంటారు. ఆయనను పెళ్లాడినట్టు భావించే ట్రాన్స్ మహిళలకు అక్కడ వాడే పేరు నుంచి ఈ సంస్థ పేరు వచ్చింది. తొలినాళ్లలో కె.ఆర్. మార్కెట్ పరిసరాల్లో వేసిన చిత్రంలో ‘నావు ఇద్దేవె’ అని కన్నడంలో రాశారు. మేము ఉన్నాం అని అర్థం.

ఇలాంటి సామూహిక చిత్రం వేసే తీరులోనే దాని రాజకీయం ఉంది. ముందు అనుమతి తెచ్చుకోవాలి. ఇంటి యజమానికి, చుట్టుపక్కల కొట్లవాళ్లకు ఎవరు వస్తున్నారో, ఏం వేస్తారో చెప్పాలి. పాత సున్నం గీకి, ప్రైమరు పూసి, గళ్లు కొట్టి, కాగితం మీది బొమ్మను గోడ మీదికి పెంచి గీతలు దించాలి. ఏ భాగానికి ఏ రంగో గుర్తులు పెడతారు. ఇక అంతకుముందు బ్రష్షు పట్టనివారు కూడా పరంజా ఎక్కి రంగు నింపవచ్చు. ఆ రెండు మూడు రోజులూ వీధి ఆగి చూస్తుంది. సిగ్నల్ దగ్గర చేయి చాచినప్పుడు అద్దం ఎత్తేసుకునే నగరం, అదే మనిషి ఇరవై అడుగుల ఎత్తున పని చేస్తుంటే నిలబడి మాట కలుపుతుంది, టీ తెచ్చి ఇస్తుంది. చిత్రంలో ఉండే ముఖాలు చాలాసార్లు వారివే. పని చేసినవారికి కూలి ముడుతుంది. 2024లో వెనిస్ బినాలేలో ఈ బృందం కుడ్యచిత్రం వేసింది. బెంగళూరు వీధిలో పుట్టిన పద్ధతి అంత దూరం వెళ్లడం గర్వించదగ్గ సంగతి.

పేటల స్థాయిలో పనిచేసే కళాకారులకు 2014లో మొదలైన ‘ప్రాజెక్ట్ 560’ మరో దారి చూపింది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ నగర పిన్‌కోడ్ మొదటి మూడంకెలను పేరుగా పెట్టి, తమ చుట్టూ ఉన్న చోటు గురించి పనిచేసేవారికి గ్రాంట్లు ఇచ్చింది. అంతకుముందే, 2009లో అర్చనా ప్రసాద్, ఫ్రీమన్ ముర్రే స్థాపించిన ‘జాగా’ కళాకారులనూ సాంకేతిక నిపుణులనూ ఒక చోట చేర్చింది.

విగ్రహాలు: అడగని చోట తగాదా

హలసూరు చెరువు దగ్గరి తిరువళ్లువర్ విగ్రహం కథ ప్రతి నగర ప్రణాళికాకారుడూ చదవాలి. 1991లో బెంగళూరు తమిళ సంఘం పూనికతో విగ్రహం సిద్ధమైంది. కన్నడ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అదే ఏడాది చివర కావేరి అల్లర్లు వచ్చాయి. విగ్రహం పద్దెనిమిదేళ్లు ముసుగులోనే నిలబడింది. చివరికి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు యడియూరప్ప, కరుణానిధి ఒక అంగీకారానికి వచ్చారు. 2009 ఆగస్టు 9న ఇక్కడ తిరువళ్లువర్‌ను, నాలుగు రోజుల తర్వాత చెన్నైలోని అయనావరంలో కన్నడ కవి సర్వజ్ఞుణ్ణి ఆవిష్కరించారు. ఇచ్చిపుచ్చుకునే ఈ ఏర్పాటు తగాదాను తీర్చింది. కాని అది రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన మాట. చెరువు చుట్టూ తమిళం, కన్నడం, తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ కలిసి బతుకుతున్న హలసూరు జనం ఒక చోట కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు అప్పుడూ జరగలేదు.

విమానాశ్రయం దగ్గర నగర నిర్మాత కెంపేగౌడ 108 అడుగుల కంచు విగ్రహాన్ని 2022 నవంబరు 11న ప్రధాని మోదీ ఆవిష్కరించారు. శిల్పి రామ్ వంజీ సుతార్. దానికి ముందు రాష్ట్రమంతటా 22,000కు పైగా చోట్ల నుంచి మట్టినీ నీటినీ సేకరించారు. గ్రామాలు తమ మట్టిని ఎంతో భక్తితో ఇచ్చాయి. ఆ భావన నిజమైనది, తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయితే రూపం, ఎత్తు, చోటు అన్నీ తేలిన తర్వాత జనాన్ని కలుపుకోవడం, ముహూర్తం పెట్టాక పిల్ల ఇష్టం అడిగినట్టు ఉంటుంది.

అడగకుండా నిలబెట్టిన విగ్రహాలకు ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టించింది. తెలంగాణవారికి తగిన చోటు దక్కలేదన్న అసంతృప్తి పాతికేళ్లు నలిగి, 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమ ‘మిలియన్ మార్చ్’ రోజు బద్దలైంది. పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. కవుల విగ్రహాలు నీళ్లలో పడడం బాధాకరం. ఎవరు మన ప్రముఖులు అన్న చర్చ ఆ గట్టు మీద 1986లోనే జరిగి ఉంటే ఆ బాధ తప్పేది. అదే నగరంలో రాజ్‌భవన్ సమీపాన ఎం.ఎస్. మక్తా బస్తీలో 2016-17 కాలంలో వేసిన కుడ్యచిత్రాలు ఇళ్లవాళ్ల గోడల మీదే, వారి ఒప్పుదలతో వచ్చాయి.

విదేశాల్లో ఈ చర్చకు మైలురాయిగా చెప్పేది న్యూయార్కులో రిచర్డ్ సెర్రా శిల్పం ‘టిల్టెడ్ ఆర్క్’. 120 అడుగుల పొడవైన ఉక్కు గోడను 1981లో ఫెడరల్ ప్లాజాకు అడ్డంగా నిలిపారు. రోజూ ఆ చౌకు దాటే ఉద్యోగుల్లో చాలామంది వద్దన్నారు. 1985లో జరిగిన బహిరంగ విచారణలో ఎక్కువమంది ఉంచాలన్నా, తీసేయాలని నిర్ణయమై 1989లో తొలగించారు. నిలబెట్టాక విచారణ జరపడం శిల్పికీ జనానికీ అన్యాయమేనని ఆ ఉదంతం తేల్చింది. ఫిలడెల్ఫియాలో 1984లో మొదలైన కుడ్యచిత్రాల కార్యక్రమం మాత్రం గోడకు రంగు వేసే ముందు ఆ పేటవాసులతో సమావేశాలు పెట్టడాన్ని పద్ధతిగా చేసుకుంది.

వద్దు అనడం కూడా పాల్గొనడమే

కస్తూర్బా రోడ్డులోని వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ మైసూరు ఆస్థాన చిత్రకార కుటుంబంలో పుట్టి అవనీంద్రనాథ్ ఠాగూర్ దగ్గర నేర్చుకున్న కె. వెంకటప్ప పేరిట వెలిసింది. తక్కువ అద్దెకు హాలు దొరకడం వల్ల కొత్త చిత్రకారులెందరో తొలి ప్రదర్శన అక్కడే పెట్టుకున్నారు. 2015లో రాష్ట్ర పర్యాటక శాఖ ఆ గ్యాలరీని దత్తత పథకం కింద తస్వీర్ ఫౌండేషన్‌కు అప్పగించే ఒప్పందం చేసుకుంది. కళాకారులకు ఆలస్యంగా తెలిసింది. వారు వేదికగా ఏర్పడి, గ్యాలరీ ముందే బొమ్మలు వేస్తూ, పాడుతూ, ప్రదర్శనలిస్తూ నిరసన తెలిపారు. ప్రైవేటు డబ్బు రావడం కన్నా, తమను అడగకుండా నిర్ణయించడమే వారిని ఎక్కువ గాయపరచింది. ఒప్పందం ముందుకు సాగలేదు. దాని వెనక ఉన్న అభిషేక్ పొద్దార్ అదే రోడ్డులో వేరేగా కట్టిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ 2023లో తెరుచుకుంది. నగరానికి మంచి మ్యూజియం దక్కింది, ప్రభుత్వ గ్యాలరీ కళాకారుల చేజారలేదు. ఇంతకంటే మంచి ముగింపు ఊహించడం కష్టం. అది పోరాడితేనే వచ్చింది.

ఒంటరిగా చేసిన పని కూడా వీధి గొంతు కాగలదని బాదల్ నంజుండస్వామి చూపించారు. మైసూరు చామరాజేంద్ర అకాడమీలో చదివిన ఈ చిత్రకారుడు 2015 జూన్‌లో సుల్తాన్‌పాళ్యలో పైపు పగిలి నీళ్లు నిలిచిన పెద్ద గుంతలో నిలువెత్తు మొసలి బొమ్మ పెట్టారు. ఇరవై కిలోల బొమ్మ, ఖర్చు సుమారు ఆరు వేలు, సొంత డబ్బే. కొద్ది రోజుల్లో గుంత పూడింది. 2019 సెప్టెంబరులో, చంద్రయాన్-2 దిగబోతున్న రోజుల్లో, వ్యోమగామి వేషంలో ఒక నటుణ్ణి గుంతల రోడ్డు మీద నడిపించి తీసిన వీడియో దేశమంతా తిరిగింది. ఇక్కడ సమావేశాలు లేవు, కమిటీ లేదు. ఆ గుంతతో రోజూ పడే పాట్లు ఆ వీధివాసులందరివీ కాబట్టి ఆయన ఎవరినీ అడగనక్కర లేకపోయింది.

తీరని చిక్కులు

మొదటిది నిర్వహణ. ఎండకూ వానకూ ఓర్చిన కుడ్యచిత్రం కూడా కొన్నేళ్లలో వెలిసిపోతుంది. వేయడానికి స్పాన్సరు దొరుకుతాడు, మళ్లీ వేయడానికి దొరకడు. బొమ్మను తీసేయవలసి వచ్చినప్పుడు వేసినవారికి చెప్పాలన్న నియమం లేదు. రెండోది డబ్బు. కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులతో వచ్చే గోడలు కేంద్ర భాగంలోనూ ఐటీ ప్రాంతాల్లోనూ ఎక్కువ, పారిశ్రామిక వాడల్లోనూ మురికివాడల్లోనూ తక్కువ. మూడోది ఎవరు ప్రజలు అన్న ప్రశ్న. నివాసుల సంఘం ఒప్పుకుంటే సరిపోతుందనుకుంటారు. అందులో అద్దెదారులుండరు, తోపుడు బండ్లవాళ్లుండరు, రాత్రి షిఫ్టు కాపలాదారులుండరు.

వీటన్నిటికంటే పెద్దది ఎన్నికైన పాలకవర్గం లేకపోవడం. బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు. అధ్యక్షత వహించాల్సిన కార్పొరేటరే లేనప్పుడు వార్డు కమిటీ పేరుకే మిగులుతుంది. 2024 నాటి గ్రేటర్ బెంగళూరు పాలనా చట్టం కింద 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. వాటి పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంటుంది. పొడవైన ఫ్లైఓవర్ ఒక కార్పొరేషన్‌లో మొదలై ఇంకొకదానిలో దిగవచ్చు. స్తంభాలు ఒకరివి, కింది రోడ్డు మరొకరిది, పక్క గోడ రైల్వేది లేదా రక్షణ శాఖది కావచ్చు. అనుమతి కోసం తిరిగే బృందానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పే ఒక్క కిటికీ అయినా ముందు కావాలి. కొత్త కార్పొరేషన్లు పాత అర్బన్ ఆర్ట్ కమిషన్ వంటి సంఘాన్ని చట్టబద్ధంగా మళ్లీ పెట్టి, అందులో కళాకారులతో పాటు పౌరకార్మికులకు, వీధి వ్యాపారులకు, వార్డు కమిటీల సభ్యులకు స్థానం కల్పించవచ్చు. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పన్నెండవ షెడ్యూలులోని ఆ వాక్యం 1993 నుంచి అమల్లోనే ఉంది.